అంబాసిడర్ మార్క్-2లో ఒక మెట్టు హాట్ ప్లగ్: సీసం పెట్రోలు రోజుల నుంచి ఇప్పటిదాకా

మా మార్క్-2 తిరిగిందంతా కొరాపుట్ జిల్లాలోనే. జయపురం బజారులో సెకండ్ గేరులో పాకడం, పనిపడితే సాలూరు దిగి మళ్లీ సుంకి ఘాటీ ఎక్కి రావడం. ఇలాంటి వాడకానికి మామూలు గ్రేడుకంటే ఒక మెట్టు హాట్ ప్లగ్ (అంటే ముక్కు ఎక్కువ వేడిగా ఉండే స్పార్క్ ప్లగ్) ఎలా ఉంటుందో సీసం కలిపిన పెట్రోలుతోనూ, సీసం లేనిదానితోనూ చూశాను. సీసం రోజుల్లో ఊరి తిరుగుడుకు చాలా మేలు చేసింది. ఇప్పుడు అక్కర్లేదు. అయితే ప్లగ్ మార్చేముందు రోగం ఏమిటో తేల్చుకోవాలి. చాలామంది మోసపోయేది అక్కడే.

సీసం పట్టిన ప్లగ్ ఐడిలింగ్‌లో, అంటే బండి నిలబడి ఇంజిన్ ఊరికే తిరుగుతున్నప్పుడు, ఏ తేడా చూపదు. ఎక్కుడులో యాక్సిలరేటర్ గట్టిగా తొక్కగానే బండి దగ్గుతుంది. మెకానిక్ ప్లగ్ విప్పి, బాడీకి ఆనించి సెల్ఫ్ కొట్టి, "స్పార్కు బాగానే వస్తోంది కదా బాబూ" అంటాడు. నిజమే, వస్తుంది. మల్టీమీటర్ పెట్టినా తప్పు దొరకదు. సీసం పొర చల్లగా ఉన్నంతసేపూ కరెంటును పోనివ్వదు, బాగా వేడెక్కితే పోనిస్తుంది. అప్పుడు కాయిల్ నుంచి వచ్చిన కరెంటు గ్యాప్ దూకకుండా పింగాణీ మీదుగా బాడీలోకి జారిపోతుంది. ఐడిలింగ్‌లో వైర్లు ఒక్కొక్కటే పీకి చూసే పరీక్ష కూడా అందుకే ఇక్కడ పనిచేయదు.

నేను నమ్మేది ఒక్క పద్ధతినే. ఎక్కుడులో ఆ దగ్గు (మిస్సింగ్) వస్తుండగానే, పక్కన చోటు చూసుకుని, క్లచ్ తొక్కి ఇగ్నిషన్ ఆపేయాలి. ఐడిలింగ్‌లో ఉంచితే కొత్త మసి పట్టి అసలు రంగు మరుగున పడుతుంది. చక్రాలకు రాళ్లు పెట్టి, ఇంజిన్ కాస్త చల్లారాక నాలుగు ప్లగ్గులూ విప్పి వరసగా పేర్చాలి. పొడి నల్ల మసి ఉంటే పెట్రోలు ఎక్కువ పడుతున్నట్టు, లేదా చోక్ పూర్తిగా వెనక్కి రానట్టు. తడి నలుపు, జిడ్డు ఉంటే పిస్టన్ రింగులు గానీ వాల్వ్ గైడ్లు గానీ అరిగాయి. లేత గోధుమరంగు ఆరోగ్యం. సీసం పట్టినదీ పైపైన చూస్తే అలాగే ఉంటుంది, అదే చిక్కు. దాన్ని ఎండకేసి తిప్పి లోపలికి చూడండి. పింగాణీ ముక్కు చుట్టూ పసుపు-గోధుమ పూత ఆవకాయ జాడీలా నిగనిగలాడుతుంది. పుల్లతో గీకినా రాలదు.

నాకింగ్ (ఇంజిన్ లోపల టకటకమని కొట్టుకోవడం) తగ్గించడానికి టెట్రా ఇథైల్ లెడ్ అనే సీసపు మందు కలిపిన పెట్రోలు అమ్మకం అమెరికాలో 1923లో మొదలైంది. కాలాక మిగిలే సీసం ప్లగ్గులకూ వాల్వులకూ అంటుకుంటోందని ఇథిలీన్ డైబ్రోమైడ్ కూడా కలిపారు. దానితో సీసం ఆవిరయ్యే రూపంలోకి మారి సైలెన్సర్ దారిన పోవాలి. నెమ్మదిగా నడిచే బండిలో ప్లగ్ ముక్కు చల్లగా ఉండి కొంత అక్కడే నిలిచిపోతుంది. ఆపైన ఒక్కసారిగా లోడు పడితే కరిగి పూతవుతుంది. హాట్ ప్లగ్‌కు పింగాణీ ముక్కు పొడుగు, త్వరగా వేడెక్కుతుంది, కాబట్టి పొర పేరుకోవడం తగ్గుతుంది. మా బండిలో తేడా స్పష్టంగా తెలిసింది. కాకపోతే ఎండాకాలంలో నిండా జనంతో ఘాటీ ఎక్కితే నాకింగ్ వినబడేది. ఆ ప్రయాణాలకు మామూలు గ్రేడే వేసేవాణ్ణి.

పూత పట్టేసిన ప్లగ్‌ను శుభ్రం చేయించకండి. శాండ్ బ్లాస్ట్ లోపలి అంచుదాకా అందదు, పైగా ఇసుక రేణువులు గూట్లో ఇరుక్కుంటాయి. వైర్ బ్రష్ అయితే పింగాణీ మీద లోహపు గీతలు వదులుతుంది, అవీ కరెంటుకు దారే. మరీ ముఖ్యంగా, షెడ్డులో కుర్రాళ్లు ప్లగ్‌ను నోటితో ఊదుతుంటే చూడలేను. అది సీసం ధూళి, ఒంట్లోకి పోతే విషం. పాత ఇంజిన్ తల విప్పేటప్పుడు ఈనాటికీ ఈ జాగ్రత్త కావాలి.

2000 ఫిబ్రవరి 1 నుంచి దేశమంతా సీసం లేని పెట్రోలే. ఆ తర్వాత మా ప్లగ్గుల మీద పసుపు పూత మళ్లీ కనబడలేదు. నల్ల మసి వచ్చినా అది కార్బొరేటర్ పని. అందుకే మామూలు గ్రేడుకు వచ్చేశాను, గ్యాప్ 25 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు). సీసం పోయాక ఎగ్జాస్ట్ వాల్వ్ సీట్లు త్వరగా అరగవచ్చు, ట్యాపెట్ క్లియరెన్స్ (వాల్వు దగ్గర వదిలే సన్నటి సందు) తరచూ చూపించుకోండి.

ఎవరైనా హాట్ ప్లగ్ కొంటే నంబరు జాగ్రత్త. ఎన్‌జీకే కంపెనీ ప్లగ్గుల్లో అంకె తగ్గితే హాట్: బీపీ6ఈఎస్ కంటే బీపీ5ఈఎస్ హాట్. బాష్ కంపెనీ ఇప్పటి నంబర్లలో అంకె పెరిగితే హాట్. పాత ప్లగ్ చేత్తో పట్టుకెళ్లి మర పొడుగు సరిపోల్చుకున్నాకే డబ్బులివ్వండి.