నాలుగేళ్లు, నాలుగంగుళాల పిల్లులు

మొన్న బీరువా మీది అట్టపెట్టె దించి లెక్కపెడితే నూట ముప్పై ఏడు తేలాయి. పంచిపెట్టినవి, పారేసినవి కాక. అన్నీ నాలుగంగుళాల చదరపు కాన్వాస్ బోర్డులే, అన్నిటి మీదా అక్రిలిక్ రంగులతో వేసిన పిల్లులే. ఎవరైనా మీ హాబీ ఏమిటండీ అని అడిగితే ఇప్పటికీ కాస్త నసుగుతాను. వీణ అనో, మిద్దెతోట అనో చెబితే వచ్చే మర్యాద పిల్లిబొమ్మలకు రాదు. నాలుగేళ్లు వాడిన మిక్సీ గురించి నలుగురికీ చెప్పుకుంటాం కదా, దీని గురించి మాత్రం ఎందుకు చెప్పకూడదు అనిపించి రాస్తున్నాను.

మాది విశాఖ ఎంవీపీ కాలనీలో మూడో అంతస్తు. ఆఫీసు, వంట అయ్యాక రాత్రి తొమ్మిదిన్నర నుంచి పదిన్నర దాకా డైనింగ్ టేబుల్‌లో ఒక మూల నాది. మొదట్లో రెండడుగుల కాన్వాస్ కొని, కైలాసగిరి మీంచి కనిపించే సముద్రం వేద్దామని కూర్చున్నాను. ఆకాశం సగం అయ్యేసరికి నెల గడిచింది. ఆ సగం ఆకాశం ఇప్పటికీ మంచం కింద ఉంది. నాలుగంగుళాలైతే ఒక రాత్రి గీత, మర్నాడు రంగు, మూడో రాత్రి కళ్లూ మీసాలూ. బాగా రాకపోతే పైన జెస్సో, అంటే రంగుల కింద వేసే తెల్లటి అస్తరు, పూసి అదే బోర్డు మీద మళ్లీ మొదలుపెట్టచ్చు. ఒక బోర్డు కింద వరసగా మూడు పిల్లులు సమాధి అయి ఉన్నాయి.

పిల్లులే ఎందుకంటే ఫిషింగ్ హార్బర్ వల్ల. ఆదివారం పొద్దున్నే చేపలకు వెళితే, వంజరం కోసేచోట ఒకటి, నెత్తళ్లు ఆరబోసినచోట నాలుగు. నేను ఫోన్ పట్టుకుని వంగి వంగి ఫొటోలు తీస్తుంటే నాకు ఎప్పుడూ చేపలిచ్చే ఆవిడ, "ఏటమ్మా, సేపలకొచ్చేవా, పిల్లులకొచ్చేవా?" అంటుంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు, వేట నిషేధం. మరబోట్లు కదలవు. ఆ రోజుల్లో నేను తీసిన ఫొటోల్లో హార్బర్ పిల్లులు బోట్ల నీడన పడుకుని ఉంటాయి, పక్కటెముకలు లెక్కపెట్టచ్చు. అవి వేసేటప్పుడు కొంచెం బొద్దుగా వేస్తాను. అది నా వంతు సాయం.

రంగుల విషయంలో పిల్లి మహా ఉదారం. గులాబీ రంగు వేసినా, నెమలికంఠం రంగు వేసినా పిల్లి పిల్లిలాగే ఉంటుంది. నేను రంగుల జోడీలు ఎక్కువగా మా షోకేసులోని ఏటికొప్పాక లక్కబొమ్మల్ని చూసి ఎత్తుకొస్తాను. పసుపు పక్కన ఎరుపు, ఎరుపు పక్కన ముదురాకుపచ్చ. ఏమీ తోచనప్పుడు పాతవాళ్ల దగ్గరికి వెళతాను. బెంగాలు కాళీఘాట్ పటాల్లో రొయ్యను నోట కరుచుకున్న పిల్లి, మహాబలిపురం రాతి మీద చేతులెత్తి దొంగతపస్సు చేస్తున్న పిల్లి, రెండూ నా దగ్గర పసుపూ వంకాయ రంగులో ఉన్నాయి.

కానీ ఒంటి రంగు మన ఇష్టం, కన్ను మన ఇష్టం కాదు. ముందు కన్నంతా లేత పసుపు వేస్తాను. పైరెప్ప నీడ పడేచోట బర్న్‌ట్ సియెన్నా అనే ఎర్రటి గోధుమరంగు పలచగా, కింది అంచున నిమ్మపండు రంగు. అది ఆరాక నల్లపాప. ఎండలో ఉన్న పిల్లికి అది నిలువు గీత, చీకట్లో ఉన్నదానికి గుండ్రం. నేను మధ్యాహ్నం ప్రహరీ మీద ఎండ కాగుతున్న పిల్లికి గుండ్రటి పాప పెట్టి, ఇదేమిటి ఇలా దడుసుకున్నట్టుంది అని వారం రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నాను. చివర తెల్లచుక్క, రెండు కళ్లలోనూ ఒకేవైపు. దానికి బ్రష్ వాడను, గుండుసూది తల రంగులో ముంచి తాకిస్తాను. ఆ చుక్క పడిన క్షణం బొమ్మ మనవైపు చూస్తుంది. నాలుగేళ్లయినా ఆ సంబరం తగ్గలేదు.

మీసాలు వేరే కథ. తెలుపులో నీళ్లు కలిపి సిరాలా చేసి, సన్నటి లైనర్ బ్రష్‌తో మూతి దగ్గర్నుంచి బయటికి ఒక్క లాగు. మధ్యలో ఆగితే అది మీసం కాదు, పురికొస. ముందు పేపరు మార్జిన్‌లో పది గీసుకుని అప్పుడు బోర్డు మీద పెడతాను. నిజం పిల్లికి పక్కకి పన్నెండు దాకా ఉంటాయట, నేను నాలుగుతో సరిపెడతాను.

ఇక సామాను. మొదట ఆన్‌లైన్‌లో ఇరవై నాలుగు రంగుల చవక సెట్ ఒకటి కొన్నాను. పసుపు నాలుగు పొరలు వేసినా కింద పెన్సిల్ గీత కనపడేది. అందులో రంగుపొడి తక్కువ, నింపుడు సరుకు ఎక్కువ అని తర్వాత తెలిసింది. ఇప్పుడు ఎనిమిదే ట్యూబులు. నల్లరంగు కొనడం మానేశాను. అల్ట్రామెరీన్ నీలం, బర్న్‌ట్ సియెన్నా కలిపితే వచ్చే నలుపులో ప్రాణం ఉంటుంది, కొంచెం నీలం ఎక్కువైతే నల్లపిల్లి వీపు మెరుస్తుంది. ట్యూబు మీద పేరు కాదు, చిన్న అక్షరాల్లో ఉండే పిగ్మెంట్ కోడ్, అంటే అందులోని రంగుపొడి గుర్తు, చూడండి. పీబీ 29 అని ఉంటే అది అల్ట్రామెరీన్, కంపెనీ ఏ ముద్దుపేరు పెట్టుకున్నా సరే. ఇంకొకటి, అక్రిలిక్ ఆరాక ఒక మెట్టు ముదురుతుంది. తడిగా ఉన్నప్పుడు అందులోని జిగురు పాలలా తెల్లగా ఉండి, ఆరితే గాజులా తేటపడుతుంది. అందుకే కావలసినదానికన్నా కాస్త లేతగా కలుపుకోవాలి. బ్రష్ నీళ్లలో నిలబెట్టి టీవీ చూడ్డానికి వెళ్లకండి. కుచ్చు వంగిపోతుంది, కుచ్చు మొదలులోకి పాకిన రంగు ఆరితే ఇక ప్లాస్టిక్కే. అలా తొమ్మిది బ్రష్‌లు పోగొట్టాను. బట్టల మీద పడ్డా అంతే. నా నీలం నైటీ మీద నాలుగేళ్ల చరిత్ర అంతా ఉంది.

అసలు తంటా విశాఖ గాలితో. అక్రిలిక్ ఆరడమంటే అందులో నీరు ఆవిరైపోవడమే, కాబట్టి ఉక్కరోజుల్లో మెల్లగా ఆరుతుంది, రంగులు కలపడానికి అది మంచిదే. కానీ ఆ ఉక్కలో ఫ్యాను లేకుండా మనిషి కూర్చోలేడు. ఫ్యాను వేస్తే ప్యాలెట్ మీద రంగు పొర కట్టేస్తుంది. దీనికి ఒక పాత టిఫిన్ డబ్బా తీసుకుని, అడుగున తడిస్పాంజి, దాని మీద కేకుల కింద వేసే కాగితం పరిచాను. రంగు ఆ కాగితం మీద పెట్టుకుని, పనయ్యాక మూత పెట్టేస్తే మూడు రోజులు తాజాగా ఉంటుంది. నాలుగో రోజు మాత్రం మూత జాగ్రత్తగా తీయండి, వాసన కొడుతుంది.

రెండేళ్ల కిందట మే నెలలో ముప్పై బొమ్మల్ని ఎదురెదురుగా పేర్చి పెట్టెలో పెట్టాను. ఆరిన అక్రిలిక్ కూడా వేడికి మెత్తబడుతుందని అప్పటికి తెలీదు. జూన్‌లో విడదీస్తే నారింజ పిల్లి చెవి వెళ్లి నీలం పిల్లి చెంప మీద అతుక్కుంది. ఇప్పుడు మధ్య మధ్యలో అదే కేకుల కాగితం పెట్టి నిలువుగా సర్దుతున్నాను. ఇంకోసారి జూలై వానలో బాల్కనీలో కూర్చుని స్ప్రే వార్నిష్ కొట్టాను. గాలిలో తేమకి తెల్లటి పొగలాంటి పొర పట్టేసింది, ఆరు పిల్లులకీ ఒకేసారి శుక్లాలొచ్చినట్టు. తేమలో కొట్టొద్దని డబ్బా మీదే రాసుంది, చదివితే కదా. ఇప్పుడు వార్నిష్ పని జనవరి మధ్యాహ్నాలకు వాయిదా, అదీ బ్రష్‌తో పూసే రకం.

ఇంట్లో పెద్ద విమర్శకురాలు మా అత్తయ్యగారు. "పొద్దున్నే పిల్లి మొహం చూడకూడదంటారే అమ్మాయ్, నువ్వేమో గోడంతా పిల్లుల్నే నిలబెట్టావు" అన్నారు. పడుకున్న పిల్లికి దోషం లేదు అత్తయ్యగారూ, ఎదురొస్తేనే అన్నాను. అప్పటినుంచి మా హాల్లో నిద్రపోయే పిల్లులే ఉంటాయి, మెలకువగా ఉన్నవన్నీ బెడ్‌రూమ్‌లో. కానీ ఆవిడ కన్ను మంచిది. "దీని మూతి ముంగిసలా ఉంది" అన్నారంటే నేను మారుమాట్లాడకుండా మూతి సరిచేస్తాను. బైపీసీ చదివే మా అమ్మాయి ఇంకో రకం. తెలుపు, నలుపు, నారింజ మూడూ ఉన్న పిల్లికి కిరీటం పెట్టి 'రాజుగారు' అని రాస్తే, అలాంటివి దాదాపు అన్నీ ఆడపిల్లులేనమ్మా, ఆ నారింజ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది అని పాఠం చెప్పింది. కిరీటం తీయలేక 'రాణిగారు' అని దిద్దాను.

అమ్మకానికి పెట్టు అని చెప్పేవాళ్లు ఉంటారు. ఒకసారి పెట్టాను, మూడు పోయాయి, రెండు ఆర్డర్లు వచ్చాయి. ఆర్డర్ అనగానే టెన్షన్, తొమ్మిదిన్నర గంట కాస్తా రెండో ఆఫీసైంది. పైగా ఒకాయన తన కుక్క బొమ్మ అడిగారు. వేశాను. చెవులు వేలాడే పిల్లిలా వచ్చింది. ఇది బొమ్మలేయడం నేర్పే హాబీ అనుకుని దిగితే ఆశాభంగమే, నాకు ఇప్పటికీ మనిషి చెయ్యి గీయడం రాదు. రోజుకో గంట ఫోన్ పక్కన పడేసి ఒక చిన్నపని పూర్తిచేయాలి అనుకునేవాళ్లకి మాత్రం వెయ్యి రూపాయల లోపు సామానుతో ఇంతకన్నా మంచిది నాకు దొరకలేదు.

ఇప్పుడు టేబుల్ మీద ఉన్నది వలల కుప్ప మీద ముడుచుకు పడుకున్న నల్లపిల్లి. వలకి చిలకపచ్చ వేశాను, అత్తయ్యగారు అభ్యంతరం చెప్పలేదు. మీసాలు రేపు. ఈ పూట గోంగూర పచ్చడి రోట్లో నూరాను, చెయ్యి ఇంకా వణుకుతోంది.