సెయింట్ జాన్ చుట్టూ ఆరు రోజులు, తెరచాప పడవలో

కరీబియన్ సముద్రంలో అమెరికా ఏలుబడిలో ఉన్న చిన్న దీవి సెయింట్ జాన్. అక్కడికి వెళ్తే హోటల్ కోసం వెతక్కండి. కుదిరితే పడవలోనే పడుకోండి. మేం ఫిబ్రవరిలో 38 అడుగుల తెరచాప పడవ అద్దెకు తీసుకుని ఆరు రోజులు ఆ దీవి చుట్టూ తిరిగాం. నడిపింది హ్యూస్టన్‌లో ఉండే మా పెద్దనాన్నగారి అబ్బాయి. అన్నయ్యకి గాల్వెస్టన్ వైపు కొన్నేళ్ళుగా పడవ నడిపే అలవాటుంది. వదినకి, మా ఆవిడకి, నాకు మాత్రం తాడు ముడెయ్యడం కూడా రాదు.

1917లో అమెరికా 2.5 కోట్ల డాలర్ల బంగారం పోసి డెన్మార్క్ దగ్గర కొన్న దీవుల్లో ఇదొకటి. అమెరికా ధనవంతుడు లారెన్స్ రాక్‌ఫెల్లర్ ఇచ్చిన భూమితో 1956లో ఇక్కడ నేషనల్ పార్క్ మొదలైంది. దీవిలో సగానికి పైగా పార్కే కాబట్టి చాలా బీచ్‌ల వెనక గోడలు కట్టినట్టు హోటళ్ళుండవు, కొండా అడవీ ఉంటాయి. విమానాశ్రయం లేదు, పక్కనున్న సెయింట్ థామస్‌లో దిగాలి. అమెరికాలోనే కదా అని పాస్‌పోర్ట్ ఇంట్లో పెట్టేసి వెళ్ళకండి. తిరుగు విమానం ఎక్కే ముందు ఇమిగ్రేషన్ తనిఖీ ఉంటుంది. మేం హెచ్-1బి వీసా మీద ఉన్నాం కాబట్టి, దాని ఆమోదపత్రం ఐ-797తో సహా అన్నీ పట్టుకెళ్ళాం. సన్‌స్క్రీన్ కూడా చూసి కొనండి. పగడాలకు హాని చేసే ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్, ఆక్టోక్రిలీన్ ఉన్నవాటిని ఇక్కడ 2020 నుంచి నిషేధించారు.

పార్క్ నీళ్ళలో ఎక్కడ పడితే అక్కడ లంగరు వెయ్యనివ్వరు, పగడాలూ సముద్రపు గడ్డీ పాడవుతాయని. నీలి గీత ఉన్న తెల్ల మూరింగ్ బంతులు తేలుతుంటాయి, వాటికి పడవ కట్టుకోవాలి. మేం వెళ్ళినప్పుడు రాత్రికి 26 డాలర్లు. నలుగురం పంచుకుంటే డల్లాస్‌లో ఒక పూట టిఫిన్ ఖర్చు కూడా కాదు. అయితే ముందుగా బుకింగ్ లేదు, ఎవరు ముందొస్తే వాళ్ళదే. మధ్యాహ్నం రెండింటికల్లా చేరకపోతే అన్నయ్యకి టెన్షన్ మొదలయ్యేది.

మొదటి రాత్రి మాహో బే. పొద్దున్నే కళ్ళు నులుముకుంటూ పైకొస్తే పడవ పక్కనే ఆకుపచ్చ తాబేలు తల పైకెత్తి గాలి పీల్చుకుంటోంది. ఒడ్డున జనం రాకముందే ఓ గంట వాటితో ఈదాం. తొమ్మిది దాటాక టాక్సీలు వరసగా వచ్చి జనాన్ని దింపుతాయి, ఇక అది వేరే బీచ్. అక్కడే మా పరువూ పోయింది. ఒడ్డుకి చేర్చే చిన్న పడవ, డింగీని ఒడ్డుకి పట్టేటప్పుడు వెనక నుంచి అల కొట్టి అందరం తడిశాం, మా ఆవిడ ఫోన్ ఆ రోజుతో సరి. చలికాలంలో ఉత్తరం నుంచి వచ్చే పొంగు అలల సంగతి అన్నయ్య చెప్తూనే ఉన్నాడు. మేం ఫోటోలు తీసుకోవడంలో ఉన్నాం.

ట్రంక్ బే పోస్టర్లలో ఉండే బీచ్. ఐదు డాలర్ల టికెట్, నీటి అడుగున బోర్డులు పెట్టిన ఈత దారి. ఈత కొత్తవాళ్ళకి మంచిదే. మాకు మాత్రం చేపల కన్నా మనుషుల కాళ్ళే ఎక్కువ కనిపించాయి.

లీన్‌స్టర్ బేలో రెండు రాత్రులు ఉన్నాం, ఇంకోటి ఉన్నా సరిపోదు. వాటర్‌లెమన్ కే అనే చిన్న తిప్ప చుట్టూ ఈదితే అడుగున ఇసుకలో పళ్ళెమంత నక్షత్ర చేపలు. అవతలి వైపు నీటి లాగుడు గట్టిగా ఉంటుంది, ఒంటరిగా వెళ్ళకండి. ఒడ్డు వెంబడి నడిస్తే అన్నాబర్గ్ చక్కెర మిల్లు శిథిలాలొస్తాయి. గోడల్లో రాళ్ళతో పాటు పగడపు ముక్కలూ పేర్చారు. కట్టిందీ, చెరుకు నరికిందీ బానిసలు. 1733లో ఈ దీవి బానిసలు తిరగబడి నెలల తరబడి లొంగలేదు. చివరికి ఫ్రెంచి సైన్యాన్ని పిలిపించి అణచాల్సి వచ్చింది. మిల్లు దగ్గర నుంచుంటే బ్రిటిష్ వాళ్ళ టోర్టోలా దీవి ఎదురుగా కనిపిస్తుంది. అక్కడ 1834లో బానిసత్వం రద్దయింది, ఇక్కడ 1848 దాకా లేదు. ఆ మధ్య కాలంలో రాత్రిళ్ళు ఈ నీళ్ళు దాటి పారిపోయినవాళ్ళున్నారు. ఆ సాయంత్రం వదిన చాలాసేపు అటే చూస్తూ కూర్చుంది.

నాలుగో రోజు తూర్పు కొస చుట్టి దక్షిణానికి వెళ్ళాం. గాలి ఎదురు, ఇంజిన్ వేసుకోక తప్పలేదు. రామ్ హెడ్ కొండకొమ్ము దగ్గర అలలు పక్క నుంచి కొట్టాయి. వంటగదిలో ఆవకాయ సీసా దొర్లి పగిలింది. పడవంతా నూనే, ఘాటూ. "ఒరేయ్, ముందు చుక్కాని పట్టుకో, ఆవకాయ తర్వాత!" అని అన్నయ్య అరుపు.

మర్నాడు సాయంత్రం సాల్ట్ పాండ్ బే నుంచి అదే కొమ్ము మీదికి కాలినడకన ఎక్కాం. గులకరాళ్ళ ఒడ్డు, ఆ తర్వాత బ్రహ్మజెముడు లాంటి ముళ్ళ మొక్కల మధ్య ఎత్తు. ఎక్కడా నీడ లేదు, మనిషికి రెండు లీటర్ల నీళ్ళు ఉండాల్సిందే. కింద సుమారు 200 అడుగుల లోతున నిన్న మమ్మల్ని కుదిపేసిన అలలు నురగ ముగ్గులా కనిపించాయి. మేం చూసిన దారులన్నిటిలో నాకు ఇదే నచ్చింది.

చివరి రోజు లామషూర్ బే నుంచి కొండ దాటి రీఫ్ బే లోయలో, యూరప్ వాళ్ళు రాకముందు ఇక్కడుండిన టైనో ప్రజలు చెక్కిన రాతి బొమ్మలు చూశాం. మడుగు అంచున, నీళ్ళలో నీడతో కలిసి కనిపించే ముఖాలు. పోను రాను నాలుగు గంటలు, దోమలు ధారాళం. బీచ్ చెట్ల కింద పడి ఉండే చిన్న ఆకుపచ్చ యాపిల్ లాంటి కాయలు ముట్టుకోకండి. అది మాంచినీల్, విషం. వానలో ఆ చెట్టు కింద నిలబడినా ఒళ్ళు పొక్కుతుంది.

పడవ అద్దె కంపెనీ గురించి మాత్రం మంచి చెప్పలేను. రెండో రోజుకే మంచినీళ్ళ పంపు పాడైంది. ఫోన్ చేస్తే రేపన్నారు, ఆ రేపు రాలేదు. నాలుగు రోజులు సముద్రంలో మునిగి, చివర్లో ఒక్క చెంబు మంచినీళ్ళు పోసుకోవడమే స్నానం. పడవ అప్పగించాక ఒక రోజు అద్దె వెనక్కిచ్చారు, అడగ్గా అడగ్గా. ఆవకాయ మరక పడిన కుషన్‌కి మాత్రం వెంటనే డబ్బు పట్టుకున్నారు.