జోంగాకి ఏ ఇంజన్ మేలు? పాత సిక్స్ సిలిండరా, 407 డీజిలా, ఇన్నోవాదా?

మిలిటరీ ఆక్షన్‌లో జోంగా (మన సైన్యం వాడిన ఫోర్ వీల్ డ్రైవ్ బండి) తీసుకున్నవాళ్ళయినా, ఎవరి షెడ్డులోనో ఏళ్ళ తరబడి పడున్నది కొన్నవాళ్ళయినా ముందు అడిగేది ఒకటే, ఇందులో ఏ డీజిల్ వేయించాలి అని. నేనైతే కాస్త ఆగమంటాను. ముందు బానెట్ ఎత్తి ఇప్పుడు ఉన్నది ఏ ఇంజనో తేల్చుకోండి. జబల్‌పూర్ ఫ్యాక్టరీలో 1969 నుంచి 1999 దాకా తయారైన బళ్ళు ఇవి, ఈపాటికి చాలా చేతులు మారుంటాయి, మారిన చోటల్లా ఎవరో ఒకరు ఏదో ఒకటి మార్చే ఉంటారు.

ఒరిజినల్ అయితే సాధారణంగా నిస్సాన్ పి పెట్రోల్ ఇంజన్, ఆరు సిలిండర్లు ఒకే వరసలో, 3956 సిసి, బోర్ (సిలిండర్ వెడల్పు) 85.7 స్ట్రోక్ (పిస్టన్ పైకీ కిందకీ కదిలే దూరం) 114.3 మిల్లీమీటర్లు. స్ట్రోక్ అంత పొడుగు కాబట్టే తక్కువ ఆర్‌పిఎంలోనే గట్టిగా లాగుద్ది. ఇంజన్ నంబర్ బ్లాక్ మీద కొట్టి ఉంటుంది, గ్రీజు మట్టి డీజిల్‌తో కడిగి వైర్ బ్రష్ పెడితే బయటపడుద్ది, దాన్ని కాగితాల్లో ఉన్న నంబర్‌తో సరిచూడండి. లోపల డీజిల్ ఉండి అది ఏదో తెలియకపోతే హెడ్ దింపినప్పుడు కొలవండి, 97 బోర్ 100 స్ట్రోక్ అయితే టాటా 407ది (2956 సిసి), 88.9 కి 101.6 అయితే మహీంద్రా 2523 సిసి, 104 కి 113 అయితే హినో డబ్ల్యూ04డి (3839 సిసి). కొలత తేలాక ఇంక ఎవరి మాటా వినక్కర్లేదు.

ఇప్పుడు అసలు సంగతి. పాత పి ఇంజన్‌నే బాగు చేయించుకుంటే మౌంటింగులు మారవు, క్లచ్ మారదు, గేర్‌బాక్స్ మారదు, ఇంజన్ కింద ఉండే ఆయిల్ ఛాంబర్‌కి ముందు యాక్సిల్ తగుల్తుందేమో అన్న భయం లేదు. అందుకే బ్లాక్ బాగుంటే నా ఓటు దీనికే, పైగా ఆ సిక్స్ సిలిండర్ స్మూత్‌నెస్ ఏ నాలుగు సిలిండర్ల డీజిలూ ఇవ్వదు, ఒకసారి నడిపినవాడికి ఇది చెప్పక్కర్లేదు. కష్టమల్లా పెట్రోలు, లీటరుకి నాలుగైదు కిలోమీటర్లు అనుకునే దిగాలి. పార్టులు దొరకవంటారు గానీ ఇదే ఇంజన్ నిస్సాన్ 1 టన్ను మిలిటరీ క్యారియర్‌లో ఉంది, ఫోర్క్‌లిఫ్టుల్లో పి40 పేరుతో కూడా వచ్చింది, కాబట్టి కార్ల షాపుల్లో కాకుండా ఫోర్క్‌లిఫ్ట్ పార్టులు అమ్మేవాళ్ళ దగ్గర వాకబు చేయండి. రీబోరింగ్‌కి (అరిగిన సిలిండర్లని కాస్త పెద్దవి చేసి కొత్త పిస్టన్లు వేయడానికి) ఇచ్చే ముందు ఒక్కో బోర్‌ని పైన, మధ్యలో, కింద మూడు చోట్లా అటూ ఇటూ కొలిపించండి, బ్లాక్‌కి వాటర్ ప్రెషర్ టెస్ట్ చేయించండి. లోపల క్రాక్ ఉంటే పిస్టన్లకి పెట్టిన డబ్బంతా బూడిదలో పోసినట్టే.

బ్లాక్ పోయిందే అనుకోండి, అప్పుడు 407 ఇంజన్. దీనికి నేను మొగ్గడానికి కారణం పవర్ కాదు. పాతవాటిలో అంతా మెకానికల్ పంపు, ఎలక్ట్రానిక్స్ అన్నవే లేవు, ఏ ఊళ్ళో ఆగినా దీన్ని విప్పి బిగించే మెకానిక్ దొరుకుతాడు, విజయవాడ ఆటోనగర్ లాంటి చోట పార్టులకి కొదవే లేదు. పాత నాన్-టర్బో అయితే స్పీడ్ తక్కువ, పెట్రోల్ ఇంజన్ తిరిగినంత ఇది తిరగదు, కాబట్టి టాప్ గేర్‌లో హైవే స్పీడు పడిపోద్ది. పడిపోయేది ఎంతో ముందే లెక్క కట్టొచ్చు, వెనక ఒక చక్రం జాకీ మీద లేపి, రెండోది నేల మీదే ఉంచి, బండి న్యూట్రల్‌లో పెట్టి, లేపిన చక్రాన్ని సరిగ్గా రెండు రౌండ్లు తిప్పండి, ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎన్ని రౌండ్లు తిరిగితే అదే మీ క్రౌన్ రేషియో (చక్రం ఒక రౌండుకి షాఫ్ట్ ఎన్ని రౌండ్లో), దాన్ని ఇంజన్ ఆర్‌పిఎం, టైరు చుట్టుకొలతతో కలిపి చూస్తే స్పీడు తేలుద్ది. చాక్‌పీస్‌తో షాఫ్ట్ మీద గీత పెట్టుకుంటే లెక్క తప్పదు. ఇంకోటి, డీజిల్‌కి పెట్రోల్ ఇంజన్‌లా మానిఫోల్డ్ వాక్యూమ్ (ఇంజన్ గాలి పీల్చే గొట్టంలో పుట్టే లాగుడు) ఉండదు, బ్రేక్ బూస్టర్ పెట్టాలంటే వాక్యూమ్ పంప్ ఉన్న ఆల్టర్నేటరే తీసుకోవాలి, ట్యాంక్‌కి రిటర్న్ లైన్ కూడా వేయాలి.

ఇన్నోవా 2కెడి ఇంజన్ అంటే కుర్రాళ్ళకి మోజు, తప్పు లేదు, 2494 సిసిలోనే 102 హార్స్‌పవర్, 1400 ఆర్‌పిఎం నుంచే 200 న్యూటన్ మీటర్ల టార్క్, హైవే మీద దీని ముందు 407 నిలవదు. కానీ కామన్ రైల్ (కంప్యూటర్ డీజిల్ కొట్టించే పద్ధతి) కదా, ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్), వైరింగ్, తాళం, ఇమ్మొబిలైజర్ (దొంగతనం ఆపే లాక్), యాక్సిలరేటర్ పెడల్ అన్నీ ఒకే బండివి రావాలి, ఒకటి తగ్గినా స్టార్ట్ అవ్వకపోవచ్చు, అయినా సరిగ్గా నడవదు. వాగులు దాటించి, అడవిలో తిప్పే బండికి ఇంత వైరింగ్ వద్దంటాను. సిటీలో ఉంటూ ఎక్కువగా రోడ్డు మీదే నడిపేవాళ్ళు తీసుకోవచ్చు.

హినో మంచి ఇంజనే, సైజులో జోంగా ఒరిజినల్‌కి దగ్గర, లాగుడుకి తిరుగు లేదు, కానీ చాలావాటికి 24 వోల్టుల సెల్ఫ్ ఉంటుంది, మీ బండి వైరింగ్ ఎంతో చూసుకోవాలి. కంటి ముందు స్టార్ట్ చేసి చూపిస్తేనే కొనండి. మహీంద్రా 2523 జీపుకి సరిపోద్ది, జోంగా బరువుకి చాలదు.

ఏది తీసుకున్నా ఇంజన్‌తో పాటు దాని గేర్‌బాక్స్, బెల్‌హౌసింగ్ (ఇంజన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య క్లచ్ ఉండే గంట లాంటి డబ్బా), ఫ్లైవీల్, క్లచ్ సెట్ కలిపే కొనండి. బండి కింద పడుకుని చూడండి, ట్రాన్స్‌ఫర్ కేస్ (ముందు, వెనక యాక్సిళ్ళకి పవర్ పంచే డబ్బా) విడిగా ఉండి మధ్యలో చిన్న షాఫ్ట్ ఉంటే కొత్త గేర్‌బాక్స్ పెట్టి షాఫ్ట్ కొలత మార్పిస్తే సరిపోద్ది, అదే గేర్‌బాక్స్‌కే బోల్ట్ అయి ఉంటే అడాప్టర్ ప్లేట్ తప్పదు. ప్లేట్ చేయించినప్పుడు డయల్ గేజ్ ఫ్లైవీల్‌కి బిగించి చేత్తో తిప్పుతూ హౌసింగ్ రంధ్రం సెంటర్ చూపించమనండి, తేడా 0.1 మిల్లీమీటర్ దగ్గర్లోకి వచ్చేదాకా డోవెల్ పిన్నులు (ప్లేట్ జరగకుండా సరిగ్గా కూర్చోబెట్టే పిన్నులు) కొట్టనివ్వకండి. కంటికి కనపడని ఆ తేడాకే ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్ అరిచి పోతుంది, మనం ఇంజన్‌ని తిట్టుకుంటాం.

కాగితాల పని ఇంజన్ కొనకముందే మొదలుపెట్టండి. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం ఆర్‌సిలో ఉన్న వివరాలకి బండి తేడా ఉండకూడదు, పెట్రోల్ బండిని డీజిల్ చేయడమంటే ముందుగా ఆర్‌టిఓ దగ్గర అడగాల్సిన సంగతి, వాళ్ళు ఒప్పుకోకపోతే పాత ఇంజన్ బాగుచేయించడమే దారి. అందుకే విప్పిన పి ఇంజన్‌ని తుక్కుకి వేయకండి, తీసుకునే ఇంజన్‌కి నంబర్ రాసిన బిల్లు లేకుండా డబ్బులివ్వకండి.