సీసాలో నీళ్ళా, కుండీలో ఇసుకా? కొమ్మ ముక్కకు ఏది మేలు

బరంపురంలోనైనా, పర్లాకిమిడిలోనైనా మనీప్లాంటును డబ్బుపెట్టి కొనేవాళ్ళు తక్కువ, పక్కింట్లో ఓ ముక్క అడిగితే సరిపోతుంది. దాన్ని నీళ్ళ సీసాలో వెయ్యాలా, కుండీలో గుచ్చాలా అన్నదగ్గరే తికమక. వేరు రెంటిలోనూ వస్తుంది. ఆ మొక్క చివరికి ఎక్కడ ఉండబోతోందో చూసుకుని మొదలుపెడితే సగం తిప్పలు తప్పుతాయి.

ముందు ముక్క సరిగ్గా ఉండాలి. తొడిమ తీగను పట్టుకున్న చోటే కణుపు. అక్కడ గోధుమరంగు బుడిపె ఉంటుంది, అదే గాలివేరు మొన. ఆ కణుపుకు అర అంగుళం కింద కత్తిరించండి. రెండు మూడు ఆకులు చాలు. కణుపు లేకుండా ఉత్త ఆకూ తొడిమా పెడితే నెలల తరబడి పచ్చగానే ఉంటుంది గానీ తీగ మాత్రం సాగదు.

సీసాలో లాభం ఏమిటంటే, వేరు పోయడం కళ్ళతో చూడొచ్చు. వెచ్చటి రోజుల్లో రెండు వారాల్లోపే తెల్లటి మొన కనిపిస్తుంది. కణుపు మునగాలి, ఆకు మునగకూడదు. మునిగిన ఆకే ముందు కుళ్ళుతుంది. నీళ్ళను 3, 4 రోజులకోసారి మార్చాలి. నిలవ నీటిలో ప్రాణవాయువు తగ్గి ముక్క అడుగు జిగురుగా, నల్లగా అవుతుంది. కుళాయి నీళ్ళయితే ఒక రాత్రి మూత తీసి ఉంచి వాడండి. ఇంకో మాట: డెంగీ దోమకు ఇలాంటి తేట నీళ్ళంటేనే ఇష్టం. గుడ్లు నీటి అంచున సీసా గోడకు అంటుకుంటాయి కాబట్టి నీళ్ళు పారబోసి ఊరుకోకుండా లోపల బ్రష్‌తో తోమాలి.

వేరు రెండంగుళాలయ్యాక కుండీకి మార్చాల్సిందే. సీసా నిండా వేళ్ళు అల్లుకున్నాక మారిస్తే చాలాసార్లు దెబ్బతింటుంది. నీళ్ళలో పెరిగిన వేరు పెళుసు, మట్టిలో తడిని వెతుక్కోవడం దానికి కొత్త. మార్చిన పది రోజులూ నీడలో ఉంచి మట్టి ఎండకుండా చూడాలి. ఎప్పటికీ సీసాలోనే ఉంచుతారా, అయితే ఈ గొడవే లేదు.

కుండీలో నేరుగా పెట్టేవాళ్ళకు మట్టికంటే ఇసుక, కొబ్బరి పొట్టు చెరిసగం మేలు. పొట్టుకు కొరతేం లేదు, ఇచ్ఛాపురం దాటితే అంతా ఉద్దానం కొబ్బరి తోటలే. పొట్టులో ఉప్పు ఉంటుంది. బకెట్‌లో నానబెట్టి పిండి, టీ రంగు తగ్గేదాకా రెండు మూడు సార్లు కడగాలి. మహేంద్రతనయ ఏటి ఇసుకో, ఋషికుల్య ఏటి ఇసుకో వాడండి. దగ్గరే కదా అని గోపాల్‌పూర్ బీచ్ ఇసుక తెస్తే ఆ ఉప్పుకు వేరు మాడిపోతుంది. పేడ ఎరువు ఇప్పుడే కలపొద్దు, కోసిన చోట కుళ్ళు పడుతుంది. కణుపు ఒక అంగుళం లోపలికి వెళ్ళేలా గుచ్చి, మూడు వారాలకు ఆకు పట్టుకుని మెల్లగా లాగి చూడండి. పైకి రాకుండా పట్టు తగిలితే వేరు దిగినట్టే. రోజూ పీకి చూస్తే మాత్రం దిగదు.

కాబట్టి కుండీలో పెంచే మనీప్లాంటుకు ఇసుకే మేలు. మొదటిసారి చేసేవాళ్ళు రెండు ముక్కలు సీసాలో, రెండు ఇసుకలో పెట్టుకుంటే భయం ఉండదు. కొరాపుట్, జయపురం వైపు డిసెంబరు చలిలో రెండూ మందకొడిగానే సాగుతాయి. అక్కడ ఫిబ్రవరి దాకా ఆగడం నయం.

స్నేక్ ప్లాంటుకు మాత్రం సీసా వద్దు, నీళ్ళలో ముక్క తేలిగ్గా కుళ్ళొచ్చు. ఆకును 3 అంగుళాల ముక్కలు కోసి, కింది వైపు గుర్తు పెట్టి, రెండు రోజులు నీడలో గాయం ఆరనిచ్చి ఇసుకలో నిలబెట్టండి. తలకిందులైతే వేరు రాదు. వేరుకు నెలా రెండు నెలలు, పిలకకు ఇంకా ఎక్కువ. పసుపు అంచు రకాన్ని ఇలా ఆకుతో పెంచితే పిలకలు ఉత్త ఆకుపచ్చగా వస్తాయి. ఆ అంచు కావాలంటే కుండీ తిరగేసి, దుంపతో సహా పిలకను విడదీసి నాటాలి.