టూర్ కోసం ఎఫ్‌డీ తీసేయాలా, దానిమీద అప్పు తీసుకోవాలా?

కశ్మీర్ వెళ్లొచ్చాక చాలా ఇళ్లలో మిగిలే దిగులు ఖర్చు గురించి కాదు, ఖాళీ అయిన ఎఫ్‌డీ గురించి. 7 శాతం వడ్డీతో ఐదేళ్లకు వేసిన 3 లక్షల ఎఫ్‌డీకి మూడేళ్లు నిండాయి, టూర్‌కు లక్షన్నర కావాలి అనుకుందాం.

ఖర్చు
మధ్యలో తీసేస్తే: 7 శాతం రాదు. డబ్బు వేసిన రోజున మూడేళ్ల కాలానికి ఉన్న రేటులోంచి 1 శాతం దాకా కోస్తారు. ఆ రేటు 6.75 అయితే చేతికొచ్చేది 5.75 శాతమే, దాదాపు 13 వేలు పోతాయి.
అప్పు తీసుకుంటే: రేటు సాధారణంగా ఎఫ్‌డీ కంటే 1–2 శాతం ఎక్కువ. 8 శాతానికి తీసుకుని నెలకు 12,500 అసలు కడితే ఏడాదిలో వడ్డీ సుమారు 6,500. ఎఫ్‌డీ మాత్రం 7 శాతంతో నడుస్తూనే ఉంటుంది.

శ్రమ
రెండూ చాలా బ్యాంకుల్లో యాప్‌లోనే అయిపోతాయి. ఉమ్మడి ఖాతాకైతే ఇద్దరి సంతకాలు అడగొచ్చు. పన్ను మినహాయింపు ఎఫ్‌డీకి ఐదేళ్ల వరకు ఈ రెండు దారులూ లేవు.

రిస్కు
తీసేస్తే టూర్‌కు పోగా మిగిలిన డబ్బు సేవింగ్స్‌లో పడి కిరాణాకు కరిగిపోతుంది. అసలు దిగులు అక్కడే. అప్పు కట్టకపోతే బ్యాంకు ఎఫ్‌డీలోంచే జమ చేసుకుంటుంది.

నెలజీతం ఉండి ఏడాదిలో తీర్చగలిగితే అప్పు. ఆదాయం నిలకడగా లేకపోయినా, గడువుకు ఇంకా రెండు మూడేళ్లు ఉన్నప్పటికీ ఆలోపు అప్పు తీర్చే దారి కనిపించకపోయినా తీసేయడం. మిగిలింది మాత్రం అదే రోజు కొత్త ఎఫ్‌డీలో వేయండి.