తక్కువ ఖర్చులో, తొందరగా దత్తత ఇప్పిస్తామనేవాళ్లతో జాగ్రత్త

బిడ్డను దత్తత తీసుకోవాలని చూస్తున్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, ఎవరికైనా అడ్వాన్స్ కట్టే ముందు ఒక్క ఐదు నిమిషాలు ఆగండి. మేం ఆగలేదు.

మాకు పిల్లలు కలగరని డాక్టర్లు తేల్చేసరికి, దాచుకున్న డబ్బు చాలావరకు చికిత్సలకే అయిపోయింది. అందుకే దత్తత అనుకోగానే నేను ముందు వెతికింది తక్కువ ఖర్చులో ఎలా అవుతుందని. రెండు రోజుల్లో ఒకావిడ ఫోన్ చేసింది. మెత్తటి మాట. మా కష్టమంతా ఓపిగ్గా విని, "అధికారికంగా వెళ్తే ఏళ్లు పడుతుందండీ. మా ద్వారా అయితే ఆరు వారాలు, ఖర్చు కూడా సగమే" అంది. నమోదు ఫీజు నిజంగానే చిన్నది. కట్టేశాం.

మూడో రోజు ఫోటో వచ్చింది. పసుపు దుప్పటిలో చుట్టిన పసిబిడ్డ. ఒక చెయ్యి దుప్పటి బయట, గుప్పిట బిగించి ఉంది. కింద "మీ కోసమే" అని రాసి ఉంది. ఆ రాత్రి ఇద్దరం కూర్చుని పేరు కూడా అనుకున్నాం. లెక్కలు చూసుకోవడం నేను మానేసింది ఆ రోజు నుంచే. వాళ్లు ఫోటో పంపేది అందుకేనని ఇప్పుడు తెలుస్తోంది. మర్నాటి నుంచి ఒక్కో ఖర్చూ బయటికొచ్చింది. తల్లి వైద్యానికి కొంత, ఫైలు కదలడానికి కొంత, కాగితాలకి కొంత. ప్రతిసారీ ఒకటే మాట: "సాయంత్రంలోగా పంపకపోతే పాపని వేరేవాళ్లకి ఇచ్చేస్తారు." ఆ టెన్షన్‌లో అప్పు చేసి మరీ పంపాం. నాలుగు విడతలయ్యేసరికి మొదట చెప్పిన మొత్తానికి మూడు రెట్లు కట్టి ఉన్నాం. గట్టిగా అడిగితే ఒక్క రసీదు ఇచ్చారు. దాని మీద 'విరాళం' అని ఉంది, లైసెన్స్ నంబరు లేదు.

ఐదో విడత దగ్గర ఆవిడ, "కోర్టు దాకా ఎందుకండీ? ఆసుపత్రి కాగితాల్లోనే మీ పేర్లు తల్లిదండ్రులుగా రాయించేస్తాం" అంది. అప్పుడు కళ్లు తెరుచుకున్నాయి. అది దత్తత కాదు, పుట్టుక పత్రం ఫోర్జరీ. ఎన్నేళ్లయ్యాక బయటపడినా కేసు మన మీదకి వస్తుంది, అప్పటికి మనల్ని అమ్మా నాన్నా అని పిలుస్తున్న బిడ్డ మన దగ్గర ఉంటుందన్న భరోసా లేదు. ఇంకో ప్రశ్న ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వలేదు. ఆ పాపని కన్నతల్లి ఎవరు? ఆమె ఇష్టపడే ఇచ్చిందా? మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న అది. ఆశలో పడి నాకు తట్టనే లేదు.

డబ్బు వెనక్కి ఇమ్మన్నాక ఆవిడ ఫోన్ ఎత్తడం మానేసింది. ఆ ఫోటోని ఇమేజ్ సెర్చ్‌లో పెట్టి చూస్తే, అదే పాప, అదే పసుపు దుప్పటి, ఎప్పుడో పెట్టిన ఒక పాత ప్రకటనలో కనిపించింది.

ఆ తర్వాత నియమాలు చదివాను. దేశాల మధ్య జరిగే దత్తతల మీద 1993లో హేగ్ ఒప్పందం కుదిరింది. కన్నతల్లి అంగీకారం బిడ్డ పుట్టిన తర్వాతే తీసుకోవాలని, ఆ అంగీకారం కోసం డబ్బు ఆశ చూపకూడదని అందులో 4వ అధికరణం చెబుతుంది. నిజంగా అయిన ఖర్చులు, సేవ చేసినవాళ్లకి సమంజసమైన ఫీజు తప్ప ఎవరూ ఏమీ వసూలు చేయకూడదని 32వ అధికరణం చెబుతుంది. దేశం లోపలి దత్తతకీ ఇదే గీటురాయిగా పెట్టుకోండి. బిడ్డ ఇంకా పుట్టకముందే "ఖాయం" అనేవాళ్లు, తల్లికి ఇవ్వాలంటూ డబ్బు అడిగేవాళ్లు ఎవరైనా సరే, అక్కడితో మాట ఆపేయండి.

నిజాయితీగా నడిచే సంస్థలూ ఫీజు తీసుకుంటాయి. సోషల్ వర్కర్ ఇంటికొచ్చి చేసే హోం స్టడీకి, కోర్టుకి, దత్తత తర్వాత ఇచ్చే నివేదికలకి ఖర్చవుతుంది. వేరే దేశం నుంచైతే ప్రయాణాలు, కాగితాల అనువాదం అదనం. తేడా ఏంటంటే, వాళ్లు ఆ ఖర్చుల పట్టీ మొత్తం ముందే కాగితం మీద ఇస్తారు. మధ్యలో ఆగిపోతే ఏది వెనక్కి వస్తుందో, ఏది రాదో కూడా అందులోనే ఉండాలి. లైసెన్స్ ఉందో లేదో సంస్థవాళ్లు ఇచ్చిన నంబరుకి ఫోన్ చేసి అడిగితే లాభం లేదు. హేగ్ ఒప్పందంలో ఉన్న ప్రతి దేశానికీ ఒక కేంద్ర అధికార సంస్థ ఉంటుంది, ఆ జాబితా ఈ ఒప్పందాన్ని రూపొందించిన అంతర్జాతీయ సంస్థ హేగ్ సదస్సు (HCCH) వెబ్‌సైట్‌లో దొరుకుతుంది. నేరుగా వాళ్లనే అడగండి.

నిజంగా తక్కువ ఖర్చయ్యే దారి కూడా ఉంది. ప్రభుత్వ శిశు సంక్షేమ వ్యవస్థ. చాలా దేశాల్లో అక్కడ ఫీజు నామమాత్రం, కొన్నిచోట్ల అసలు ఉండదు. ఫాస్టర్ కేర్‌లో, అంటే తాత్కాలికంగా వేరే కుటుంబం సంరక్షణలో ఉండి, కన్నవాళ్ల దగ్గరికి తిరిగి వెళ్లే వీలు లేని పిల్లలని పెంచుకుంటే నెలనెలా సాయం ఇచ్చే దేశాలూ ఉన్నాయి. అక్కడ ఎదురుచూసేది ఎక్కువగా కాస్త పెద్ద పిల్లలు, విడదీయకూడని అన్నాచెల్లెళ్లు, వైద్యం అవసరమైన పిల్లలు. డబ్బు కలిసొస్తుందని మాత్రం అటు వెళ్లకండి. ఆ పిల్లలకి ఏం కావాలో తెలుసుకుని, మనం ఇవ్వగలమనుకుంటేనే వెళ్లాలి. దత్తత తీసుకునే ఉద్యోగులకి కొంత ఖర్చు తిరిగిచ్చే కంపెనీలు, పన్ను రాయితీ ఇచ్చే దేశాలు కూడా ఉన్నాయి కాబట్టి మీ ఆఫీసులో ఒకసారి అడగండి.

మేమిప్పుడు ఆ దారిలోనే ఉన్నాం. హోం స్టడీ సగమైంది. వచ్చిన సోషల్ వర్కర్‌కి జరిగిందంతా దాచకుండా చెప్పాం. మమ్మల్ని తప్పుపట్టలేదు, ముందు పోలీసులకి ఫిర్యాదు చేయమంది. చేశాం. చాటింగ్, డబ్బు పంపిన వివరాలు, రసీదు, ఫోటో అన్నీ ఇచ్చాం. మీకూ ఇలాంటిది జరిగి ఉంటే సిగ్గుపడి ఏదీ డిలీట్ చేయకండి. పసుపు దుప్పటిలో, ఒక చెయ్యి బయటపెట్టి గుప్పిట బిగించిన పాప ఫోటో మీకూ వచ్చి ఉంటే దయచేసి మీరూ ఫిర్యాదు ఇవ్వండి. ఆ పాప ఎవరో, ఇప్పుడు ఎక్కడుందో పోలీసులు ఇంకా వెతుకుతున్నారు.