ఫెలోషిప్పా, ప్రాజెక్టు గ్రాంటా? కోనసీమ యువ డాక్టరుకు ఏది నప్పుతుంది

ఎండీ ముగించి, లంక గ్రామాల్లో లెప్టోస్పైరోసిస్ (ఎలుకల మూత్రం కలిసిన నీటి ద్వారా సోకే జ్వరం) మీద పని చేద్దామనుకునేవారికి, కేంద్ర బయోటెక్నాలజీ శాఖ, బ్రిటన్ వెల్‌కమ్ సంస్థ కలిసి నడిపే ఇండియా అలయన్స్ ఎర్లీ కెరీర్ ఫెలోషిప్ ఐదేళ్లపాటు జీతం కూడా ఇస్తుంది. క్లినికల్ విభాగంలో పీహెచ్‌డీ తప్పనిసరి కాదు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) చిన్న గ్రాంటు ప్రాజెక్టుకే, 2 కోట్ల లోపు. పీఐకి, అంటే ప్రాజెక్టు ప్రధాన పరిశోధకుడికి, రెగ్యులర్ ఉద్యోగం ఉండాలి, జీతం కాలేజీదే. కాంట్రాక్టు సీనియర్ రెసిడెంటుకు మొదటిదే దారి. అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు రెండోది సుళువు, కానీ ఓపీ డ్యూటీ తగ్గదు.

రెండింటా దెబ్బతీసేది శాంపిల్ లెక్క. లెప్టోస్పైరోసిస్‌ను తేల్చే మ్యాట్ అనే యాంటీబాడీ పరీక్షకు రెండో రక్త నమూనా రెండు వారాలకు తీయాలి. ఆగస్టు వరదకు పడవలు ఆగితే అదే తప్పిపోతుంది. 20 శాతం జారిపోయినా 300 మంది మిగలాలంటే 300ను 0.8తో భాగించి 375 మందిని చేర్చుకోవాలి. 300కు 20 శాతం కలిపి 360 అని రాస్తే చివరికి మిగిలేది 288 మందే. సమీక్షకులు ముందు పట్టుకునేది ఇదే.